ఒసాకాలో ‘వెళ్ళొస్తా’నన్న మాట

మా గిలకలదిండిలో ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడిగితే తిట్లు తప్పవు. ఆ మాట ప్రయాణానికి అడ్డమంటారు. ‘ఎందాకా?’ అని అడగాలి. అవతలి మనిషి కూడా ఫలానా చోటికని చెప్పడు. ‘ఇట్టా ఇక్కడిదాకా’ అంటాడు. ఆ ‘ఇక్కడ’ బందరు బజారు కావచ్చు, బెజవాడ కావచ్చు, సముద్రం నడిమధ్య కావచ్చు. అడిగినవాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. నువ్వు వెళ్తుంటే నేను చూశాను. ఆ మాటకి అంతే అర్థం.

ఇంకో మాట కూడా ఉంది. ‘పోతున్నా’ అనకూడదు. పక్కింటికి వెళ్ళినా, సముద్రం మీద చేపల వేటకి వెళ్ళినా ‘వస్తా’ అనే గుమ్మం దాటాలి. ఇంట్లోవాళ్ళు ‘వెళ్ళిరా’ అనాలి. సముద్రం మీద బతికేవాళ్ళకి ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు.

నా చిన్నప్పుడు ఒకనాటి పొద్దున మా అయ్య అమ్మతో దెబ్బలాడి, మూతి ముడుచుకుని ‘పోతన్నా’ అని విసురుగా వెళ్ళిపోయాడు. బోటెక్కాడు, ఇంజను కూడా వేశారు. అక్కడ ఏమనిపించిందో దిగేసి, మోకాళ్ళ దాకా తడిసిన లుంగీతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“వత్తానే” అన్నాడు.

అమ్మ ఊరుకుందా? “వెనక్కొచ్చినోడివి అట్టాగే తిరిగెళ్తావా? కూసో” అంది.

వెనక్కి తిరిగొచ్చిన మనిషి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడే కొత్తగా బయల్దేరుతున్నట్టు బయల్దేరాలి. అయ్య అరుగు మీద కూర్చున్నాడు. రేవులోంచి బోటు నడిపే సరంగు కేకలు వినపడుతున్నాయి. “ఏం బావా! ఇయ్యాల వేటా, కాపరమా? తేల్చి చెప్పు!” అయ్య సిగ్గుపడిపోయాడు. అమ్మ చెంబు చేతికిచ్చింది. అయ్య ప్రతి గుటకకీ అమ్మ మొహం చూస్తూ తాగాడు. లేచి “వత్తా” అన్నాడు. “వెళ్ళిరా” అంది అమ్మ. గొంతులో కోపం అలాగే ఉంది గానీ, మాట మాత్రం లోటు లేకుండా అంది.

నేను చదివింది ఐదో తరగతి. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నవి ఇలాంటివే. వీటిని పట్టుకునే జపాను వెళ్ళాను.

మా అమ్మాయి గుడివాడలో నర్సింగు చదివి, జపాను భాష నేర్చుకుని, ఒసాకా ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే ఒక హోములో పనికి కుదిరింది. అక్కడ సైకిలు మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకుంది. నేను వెళ్ళక తప్పింది కాదు. వీసా మూడు నెలలకిచ్చారు. చింతపండు, కారం, నాలుగు జతల బట్టలు సర్దుకుని విమానమెక్కాను.

ఆ ఊరు చూస్తే మొదట నాకు భయమేసింది. జనం ఎక్కువై కాదు, చప్పుడు తక్కువై. రైల్లో నిలబడ్డానికి చోటు లేదు, ఒక్కడి నోట్లోంచీ మాట లేదు. ఎవరన్నా పెద్దమనిషి పోయారేమో, అందరూ అక్కడికే వెళ్తున్నారేమో అనుకున్నాను. రోడ్డు దాటే చోట కోకిల కూసింది. చెట్టెక్కడా అని చుట్టూ చూశాను. స్తంభానికి బిగించిన డబ్బా కూస్తోంది, ఇంక దాటొచ్చని. దాటడం మానేసి దాన్నే చూస్తూ నిలబడితే అది ఆగిపోయింది. మళ్ళీ కూసేదాకా నిలబడాల్సి వచ్చింది.

మనసు కుదుటపడింది చేపల కొట్టు దగ్గర. మా అమ్మాయి ఉండే వీధికి దగ్గర్లో పైకప్పేసిన పొడవాటి బజారు ఉంది. అందులో చేపలాయన రబ్బరు బూట్లేసుకుని, గొంతు చించుకుని ‘ఇరష్షాయ్, ఇరష్షాయ్’ అని అరుస్తున్నాడు. రండి రండి అని. అంత నిశ్శబ్దం విన్నాక ఆ కేక చెవినపడితే మా రేవులో చేపల వేలంపాట పాడుతున్నట్టే ఉంది. ఐసు మీద మన కానాగంతలు పెట్టున్నాయి, వాటి పేరేదైతేనేం. మొప్ప ఎత్తి చూశాను. ఆయన నా చెయ్యి చూసి నవ్వి, లోపలున్న తాజా సరుకు తీసిచ్చాడు.

ఆ రోజు పులుసు పెట్టాను. చింతపండూ మెంతులూ చేపా కలిసిన వాసన వరండా అంతా పాకింది. ఎనిమిది అంతస్తుల మేడ, వరసగా తలుపులు. ఇంతలో బెల్లు మోగింది. అయిపోయింది, తిట్టడానికొచ్చారు అనుకుని గరిటె పట్టుకునే తలుపు తీశాను.

ఎదురుగా పొట్టిగా, సన్నగా ఎనభై దాటిన పెద్దావిడ. తెల్లజుట్టుకి వంకాయ పువ్వు రంగు వేసుకుంది. నన్ను చూసి వంగింది. నేనూ వంగాను. గుప్పెడు ఏవో నా చేతిలో పోసి, “ఆమె చాన్, ఆమె చాన్” అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. “ఆమె ఎవరే? ఎవరినో పిలుస్తోంది” అని అరిచాను లోపలికి.

మంచం మీంచి మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. “ఎవరూ కాదమ్మా! అమె అంటే పిప్పరమెంటు బిళ్ళలు. ఒసాకా ముసలమ్మలందరి సంచీల్లోనూ ఉంటాయి. బిళ్ళల్ని కూడా బుజ్జి బిళ్ళలని ముద్దుగా పిలుచుకుంటారు. పక్కింటావిడే, వాసన బాగుందని చెప్పడానికొచ్చింది.”

అలా పరిచయం. నేను ఆవిడని పెద్దమ్మగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను ‘ఒకాసాన్’ అనేది, అంటే అమ్మ అని. మా అమ్మాయికి అమ్మని కాబట్టి ఆవిడకీ అమ్మనే. ఈ లెక్క మాకూ తెలిసిందేగా. ఇంట్లో పిల్లలు ఏం పిలిస్తే వీధి వీధంతా అదే పిలుస్తుంది.

పొద్దున్నే మేడ మీది పిల్లలు బడికి వెళ్తూ తలుపులో నిలబడి ఏదో కేకేసేవాళ్ళు. ‘ఇత్తే కిమాస్!’ అని. నాకు ‘ఇత్తే’ ఒక్కటే అర్థమయ్యేది. “ఏవిత్తే? ఎవరిత్తే?” అని అడిగాను అమ్మాయిని.

“ఇత్తే అంటే వెళ్ళి. కిమాస్ అంటే వస్తాను. వెళ్ళొస్తానని చెప్తన్నారు. ఇంట్లోవాళ్ళు ‘ఇత్తే రష్షాయ్’ అంటారు. వెళ్ళిరా అని.”

నేను చేస్తున్న పని వదిలేసి కూర్చుండిపోయాను. సముద్రాలు దాటి వస్తే, ఇక్కడా మా అమ్మ మాటే.

ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. చేపల కొట్టులోంచి వస్తూ ‘ఇత్తే కిమాస్’ అన్నాను. ఆయన కత్తి కింద పెట్టి, కళ్ళు పెద్దవి చేసి, తర్వాత బజారంతా వినపడేలా ‘ఇత్తే రష్షాయ్!’ అని అరిచాడు. పక్క కొట్టువాళ్ళు నవ్వారు. మర్యాద తెలిసినదాన్నని మెచ్చుకుంటున్నారనుకున్నాను. కూరగాయల కొట్లో అన్నాను. మందుల కొట్లో అన్నాను. లిఫ్టు తుడిచే ఆయనతో కూడా అన్నాను.

ఒకరోజు పెద్దమ్మగారు టీకి పిలిచింది. గుమ్మం లోపల చెప్పులు విడిచి, మెట్టెక్కి గదిలో కూర్చున్నాను. ఒక గది, ఒక వంటిల్లు. గోడకి పెద్దాయన ఫొటో, ఆవిడ భర్త కాబోలు, ముందు చిన్న గిన్నెలో అన్నం. నేను టీ సగం కూడా తాగలేదు, ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి, వంగి, నా చెప్పుల్ని వీధివైపు తిప్పి పెట్టింది. ఓహో, ఇంక లెమ్మంటోంది కాబోలు అనుకున్నాను. గబగబా మింగితే నాలుక కాలింది. అవమానం అవమానమే, మర్యాద మర్యాదే. గుమ్మంలో నిలబడి, మూతి బిగించుకునే, “ఇత్తే కిమాస్” అన్నాను.

ఆవిడ కదల్లేదు. తలుపు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫొటో వైపు ఒకసారి చూసి, నా వైపు చూసింది. చిన్న గొంతుతో “ఇత్తే రష్షాయ్” అంది.

అక్కణ్ణించి నేను ఇంటికి రాలేదు, బజారుకి వెళ్ళాను. ఆ పేటలో సాయంత్రం ఐదింటికి మైకులోంచి ఒక పాట మోగుతుంది, ఆడుకునే పిల్లలు ఇళ్ళకి వెళ్ళమని. అది మోగుతుంటే నేను లిఫ్టు దిగాను. పెద్దమ్మగారు శాలువా కప్పుకుని వరండాలో నిలబడి ఉంది. “ఒకాయెరి” అంది. నాకా మాట తెలియదు. నవ్వి లోపలికొచ్చేశాను.

అమ్మాయికి చెబితే తల పట్టుకుంది. “చెప్పులు తిప్పింది వెళ్ళిపొమ్మని కాదమ్మా! నువ్వెళ్ళేటప్పుడు కాలికి తేలిగ్గా దొరకాలని. అది మర్యాద. నువ్వన్న మాటే మర్యాద తప్పింది.”

“వెళ్ళొస్తాననడం తప్పా?”

“ఆ మాట సొంత ఇంట్లోంచి వెళ్ళేటప్పుడే అంటారు. ఇది నా ఇల్లు, మళ్ళీ ఇక్కడికే వస్తానని. నువ్వు చేపల కొట్లో కూడా అన్నావంటే... ఆ చేపలాయన ఏమనుకున్నాడో ఏమో!” నవ్వు ఆపుకోలేక కట్టు వేసిన కాలు పట్టుకుంది. తర్వాత నవ్వు తగ్గించి అంది. “ఆవిడ నీకోసం వరండాలో నిలబడింది చూడు. ఒకాయెరి అంటే వచ్చావా అని. దానికి నువ్వు ‘తదైమా’ అనాలి. ఇదిగో వచ్చాను అని.”

“మనం ఎవరింటికెళ్ళినా ‘వత్తా వదినా’ అనే లేస్తాం గదే.”

“మనం అంటాం. వీళ్ళు అనరు.”

మర్నాడు సిగ్గుపడుతూ వెళ్ళాను, తప్పయిందని చెప్పడానికి. నాకు చెప్పే భాష లేదు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ తలుపు తీసి, సంచీ పట్టుకున్న నన్ను చూసి, “ఒదెకకే?” అంది. బయటికా అని. దానికేం జవాబు చెప్పాలో ఆవిడే నేర్పింది. “చొత్తో సొకో మదే.” వేలితో కొంచెం దూరం చూపించింది. ఇదిగో, ఇక్కడిదాకా!

నేను అక్కడే చప్పట్లు కొట్టాను. “ఇట్టా ఇక్కడిదాకా! ఇట్టా ఇక్కడిదాకా, పెద్దమ్మగారూ!” అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

ఆ రోజు నుంచీ అదే వరస. బజారుకి వెళ్ళేటప్పుడు ఆవిడ తలుపు తట్టి ‘ఇత్తే కిమాస్’ అనేదాన్ని. ఐదింటి పాట మోగే వేళకి వచ్చి ‘తదైమా’ అనేదాన్ని. ఆవిడ చేతికి రెండు చేప ముక్కలో, నాలుగు వంకాయలో ఇచ్చేదాన్ని. ఆవిడ బిళ్ళలు పోసేది. గిన్నెలో పులుసిస్తే రుచి చూసేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, కారానికి. అయినా గిన్నె ఉత్తగా కడిగి ఇచ్చేది కాదు, ఏదో ఒకటి వేసే ఇచ్చేది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వాళ్ళకీ ఉంది. ఒకసారి మా అమ్మాయి కుంటుకుంటూ వెళ్ళి ఆవిడతో కాసేపు మాట్లాడి వచ్చింది. పెద్దాయన పోయాక ఆ మాట అనేవాళ్ళు లేక తన నోట్లో దాని జవాబు తుప్పు పట్టిందనుకుందట. నాకోసం మళ్ళీ తోముకుంటున్నానని చెప్పిందట.

అమ్మాయి కట్టు విప్పేశారు. చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. చలి ముదిరింది. నా ప్రయాణం దగ్గరపడింది. గోంగూర పచ్చడి సీసాలకెత్తుతుంటే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, ఒకటి చెప్తా, కోప్పడకు. వెళ్ళేరోజు పెద్దమ్మగారితో ఆ మాట అనొద్దు.”

“ఏ మాట?”

“తెలియనట్టు అడక్కు. మా హోములో ఒక తాతున్నాడు. కొడుకు వెళ్తా వెళ్తా ఆ మాటన్నాడు, మళ్ళీ రాలేదు. ఆదివారం వచ్చిందంటే ఆయన చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని తలుపు ఎదురుగా కూర్చుంటాడు. అన్నానికి పిలిచినా రాడు. నేనే తీసుకెళ్ళాలి లోపలికి. నువ్వు మళ్ళీ వస్తావా? చెప్పు.”

నేను సీసా మూత బిగించాను. నా వయసూ, ఆ విమానం ఖర్చూ ఇద్దరికీ తెలుసు.

“రావు గదా. సయొనారా అను. మంచి మాటే.”

“అంటే?”

“ఇక సెలవు అని.”

“వస్తానన్నది ఎక్కడా లేదా అందులో?”

“లేదు.”

“గుమ్మంలో నిలబడి బతికున్న మనిషి మొహం మీద పోతన్నానని చెప్పమంటావటే నన్ను? మీ అమ్మమ్మ వింటే చీపురు తిరగేసేది.”

“అయితే అబద్ధం చెప్పు” అంది. పెడసరంగా అనలేదు. దిగులుగానే అంది. “చెప్పి ఆవిడని ఐదింటికి వరండాలో నిలబెట్టు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా వైపు ‘వస్తా’ అనడంలో అబద్ధమన్న సంగతే లేదు. వచ్చినా రాకపోయినా అదే మాట. రావాలని అనుకోవడమే ఆ మాట. కానీ ఆవిడ శాలువా కప్పుకుని ఆ చలిగాలిలో నిలబడటం నేను నా కళ్ళతో చూశాను. పచ్చడి కలుపుతున్నా అదే ఆలోచన, బట్టలు మడతపెడుతున్నా అదే ఆలోచన. సయొనారా అని లోలోపల అనుకుని చూశాను. నోరు తిరిగింది, మనసు తిరగలేదు.

చివరికి టీకి వెళ్ళినప్పుడు, చేతులు విమానంలా చాపి, ‘ఇండియా’ అని, వేళ్ళ మీద రెండు రోజులు చూపించాను. ఆవిడ తల ఊపింది. ఫొటో ముందున్న గిన్నె సర్దింది. ఇంకో కప్పు టీ పోసింది. నేను లేచి గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే నా చెప్పులు ఎలా విడిచానో అలాగే, లోపలివైపే ఉన్నాయి. ఆ రోజు ఆవిడ వాటిని తిప్పలేదు.

నేనే తిప్పుకుని వేసుకున్నాను. ఏమీ అనకుండా వచ్చేశాను.

మర్నాడు పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే పెద్దమ్మగారు. టోపీ పెట్టుకుంది, పెదాలకి రంగేసుకుంది, పక్కన చక్రాల పెట్టె. నా వెనకాల వచ్చిన అమ్మాయితో గబగబా ఏదో చెప్పింది. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఆవిడ చెల్లెలు ఉందట, చాలాకాలంగా వచ్చి ఉండమంటోందట. ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిందట. ఇవాళ వెళ్తోందట. కింద టాక్సీ ఉందట.

“ఇవాళేనా? రేపు నేను వెళ్ళేదాన్ని కదా” అన్నాను.

ఆవిడ మా గుమ్మంలో నిటారుగా నిలబడి, బడికెళ్ళే పిల్లలా గట్టిగా, “ఇత్తే కిమాస్” అంది.

తన ఇంటి గుమ్మంలో కాదు, మా గుమ్మంలో. మా అమ్మాయి గోడకి ఆనుకుని తల దించుకుంది. నేను “ఇత్తే రష్షాయ్” అన్నాను. ఆవిడ వంగింది. లిఫ్టు దాకా వెళ్ళి, తిరిగి మళ్ళీ వంగింది. తలుపులు మూసుకునేదాకా వంగే ఉంది.

మేము ఇంకా తలుపులోనే ఉన్నాం, లిఫ్టు మళ్ళీ పైకొచ్చింది. ఆవిడే. వంగేటప్పుడు గొడుగు మా తలుపు పిడికి తగిలించి మర్చిపోయింది. గొడుగు తీసుకుని, సిగ్గుపడి నవ్వి, గిర్రున తిరిగింది.

“ఆగండి పెద్దమ్మగారూ!” నేను చెయ్యి పట్టేసుకున్నాను. “వెనక్కొచ్చి అలా వెళ్ళకూడదు. కూర్చోండి.”

“అమ్మా! కింద టాక్సీ...” అంది అమ్మాయి.

“ఉండనీ. సముద్రం దగ్గరికెళ్తోంది మనిషి. చెప్పవే ఆవిడకి.”

అమ్మాయి చెప్పింది. మా అయ్య తడి లుంగీతో తిరిగొచ్చిన సంగతి కూడా చెప్పినట్టుంది, సరంగు కేకతో సహా. ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెప్పులు విడిచే చోట మెట్టు మీద, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గ్లాసుతో మంచినీళ్ళిచ్చాను. కింద టాక్సీవాడు ఏమనుకున్నాడో. అరవలేదు మరి, అక్కడ వాళ్ళు అరవరు. ఆవిడ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నా మొహం చూస్తూ నిదానంగా, చివరి చుక్క దాకా తాగింది.

లేచి మళ్ళీ ఆ మాట అంది. ఈసారి నాకు జపాను మాట నోటికి రాలేదు. “వెళ్ళిరండి” అన్నాను. “జాగ్రత్తగా వెళ్ళిరండి పెద్దమ్మగారూ.”

మర్నాడు పెట్టె లాక్కుంటూ ఆవిడ తలుపు ముందు నుంచి వెళ్ళాను. మూసి ఉంది. నేనేమీ అనలేదు. అనే అవసరం లేకుండా చేసి వెళ్ళింది ఆవిడ. మా మాటలేమన్నా ఆవిడ చెవిన వేశావా అని అమ్మాయిని అడిగితే, లేదమ్మా అని ఒట్టు పెట్టింది. మధ్య గోడ పల్చటిదే గానీ, ఆవిడకి తెలుగు రాదు.

ఇప్పుడు ఇక్కడ మా వీధిలో ఎవరన్నా ‘ఎందాకా?’ అంటే నాకు ముందు ‘చొత్తో సొకో మదే’ అని నోటికొచ్చి, తర్వాత మన మాట వస్తుంది. సాయంత్రం బోట్లు వచ్చే వేళకి అరుగు మీదికొచ్చి కూర్చోవడం అలవాటైంది. మా ఇంట్లోంచి వేటకెళ్ళేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా నేను ‘వెళ్ళిరా’ అని పంపిన మనిషి ఒకరు తిరిగి రావాల్సి ఉంది. ఆ ఎదురుచూపు నాకు బరువనిపించలేదు. ఆవిడ వరండాలో అంతసేపు ఎలా నిలబడేదో ఇప్పుడు అర్థమైంది.

ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. మా అమ్మాయి సెలవు పెట్టి ఆ పల్లెకి వెళ్ళిందట, ముందు చెప్పలేదు. వీడియో తెరిస్తే సగం నుదురూ, వంకాయ పువ్వు రంగు జుట్టూ కనపడ్డాయి. ఫోను అటూ ఇటూ ఊగింది. సముద్రం, రెండు పడవలు, ఆరేసిన వలలు, మళ్ళీ నుదురు. ఎవరో ఆవిడ చెయ్యి సరిచేసినట్టున్నారు, మొహం పూర్తిగా వచ్చింది.

“తదైమా” అంది.

“ఒకాయెరి” అన్నాను. అలాగే ఒకరినొకరం చూసుకుంటూ, తల ఊపుకుంటూ కూర్చున్నాం. పొయ్యి మీద పులుసు అడుగంటిపోయింది.